స్టీలు గ్లాసు పనికిరాదు

(వినాయక చవితి సాయంత్రం ఆలయ హాలులో వాలంటీర్ల తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ఎక్కువసేపు తీసుకోం. వెనక నుంచి పులిహోర వాసన మాకూ వస్తోంది.

ఈ సెప్టెంబరులో మన ఇళ్ల పిల్లలు కొందరు యూనివర్సిటీలకు వెళ్తున్నారు. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్‌ల నుంచి మాస్టర్స్‌కని ఇక్కడికి వచ్చి, శనివారాలు గుడికి వచ్చేవాళ్లూ ఉన్నారు. మేమూ అలా వచ్చినవాళ్లమే. ఒక ఇంట్లో ఆరుగురం, ఒకటే బాత్రూం. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని తలుపేసుకుని పడుకోవడమే వైద్యం.

మాలో ఒకతను అలాగే పడుకున్నాడు. "పడుకోనీలే, లేపొద్దు" అనుకున్నాం. ఇండియా నుంచి వాళ్లమ్మ ఫోన్ చేసి, "మాట తేడాగా ఉంది, ఒకసారి చూడండి నాయనా" అంటే అప్పుడు తలుపు తీశాం. మెనింజైటిస్, అంటే మెదడు పొరల వాపు. బతికాడు. ఒక చెవి వినబడదు. అతని అనుమతితోనే చెబుతున్నాం, అదిగో, ఆ సౌండ్ సిస్టమ్ దగ్గర ఉన్నాడు.

అందుకే ఈసారి విద్యార్థుల కోసం పోస్టర్ చేద్దామనుకున్నాం. మొదటిది ఘోరం. సాఫ్ట్‌వేర్ వాళ్లం కదా, ఒకే పేజీలో పదిహేడు పాయింట్లు పెట్టాం. చెప్పుల స్టాండు దగ్గర నెల రోజులు వేలాడింది. ఒక అబ్బాయిని అడిగితే, "అన్నా, అది పార్కింగ్ రూల్స్ అనుకున్నా" అన్నాడు.

అప్పుడు మాకు ఒకటి తట్టింది. మేం రోగితో మాట్లాడుతున్నాం. కానీ ఈ జబ్బులో రోగికి తన పరిస్థితి తనకే తెలియదు. జ్వరం, తలనొప్పి, వాంతులు, మెడ పట్టేయడం, వెలుతురు చూడలేకపోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం, మగత. మొదట్లో మామూలు ఫ్లూలా, రాత్రి పార్టీ తాలూకు హ్యాంగోవర్‌లా ఉంటుంది. కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. కాబట్టి ప్రకటన మాట్లాడాల్సింది పక్క గదిలో ఉన్నవాడితో.

రెండో పోస్టర్‌లో ఒక స్టీలు గ్లాసు బొమ్మ, దాని మీద ఎర్ర గీత. "ఇది కాఫీకి. ఫ్రెండ్‌కి గాజు గ్లాసు." అంతే. పిల్లలు నవ్వి, ఎందుకని అడిగారు. ఒంటి మీద దద్దుర్లు వస్తే గాజు గ్లాసు పక్క భాగాన్ని గట్టిగా అదిమి చూడాలి. మచ్చలు మాయం కాకపోతే వెంటనే 999. మన చామనఛాయ ఒంటి మీద అవి సరిగ్గా కనబడవు. అందుకని అరచేతులు, అరికాళ్లు, కనురెప్పల లోపలి వైపు, అంగిలి చూడాలి. అసలు దద్దుర్లు రాకపోవచ్చు కూడా. మనిషి మగతగా, తికమకగా ఉంటే వాటి కోసం ఎదురుచూడకూడదు.

ఆ పోస్టర్‌ని అన్నదానం క్యూ పక్కన, సరిగ్గా కళ్ల ఎత్తులో పెట్టాం. ప్లేటు పట్టుకుని నిలబడ్డ మనిషి ఇంకేం చదువుతాడు?

టీకా సంగతి. ఇక్కడ 2015 నుంచి స్కూళ్లలో మెన్-ఏసీడబ్ల్యూవై టీకా వేస్తున్నారు. ఇక్కడ పెరిగిన పిల్లలు చాలామంది వేయించుకునే ఉంటారు, అయినా రికార్డు చూసుకోండి. ఇండియాలో ఇది అందరికీ వేసే టీకాల జాబితాలో లేదు. యూనివర్సిటీలో మొదటిసారి చేరే విద్యార్థులకు, ఇండియా నుంచి వచ్చినవాళ్లతో సహా, 25 ఏళ్లు నిండేలోపు జీపీ దగ్గర ఉచితం. ముందు జీపీ దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, మనవాళ్లు వాయిదా వేసేది అదే. అయితే ఈ టీకా 'బి' రకాన్ని ఆపదు. 2015లో మొదలైన 'బి' టీకా పసిపిల్లలకే వేశారు. అందుకని టీకా అయిందని గ్లాసు పక్కన పెట్టేయకండి.

బయట టేబుల్ మీద నలభై గాజు గ్లాసులున్నాయి, ఒక్కోదాని మీద స్టిక్కర్. పిల్లల సామాన్లలో ప్రెషర్ కుక్కర్ పక్కన ఒకటి పెట్టండి. డిష్‌వాషర్‌లో వేస్తే స్టిక్కర్ ఊడిపోతోంది. ఆ బగ్ ఇంకా ఫిక్స్ చేయలేదు.