అరకులో అకౌంటింగ్ చెప్పేదెవరు?

అరకు అంటే కాఫీ, బొర్రా గుహలు, రీల్స్... ఈరోజు అవేం కాదు. అక్కడి డిగ్రీ కాలేజీల్లో అకౌంటింగ్ చెప్పడానికి కొత్తవాళ్లు ఎలా వస్తారు, వచ్చినా ఎందుకు నిలవరు అన్నదే టాపిక్. బీకామ్ చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది మీకే.

ముందు రూల్ చూద్దాం. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీజీలో 55 శాతం కావాలి. ఎస్సీ, ఎస్టీలకు 50. పైన నెట్ గానీ, సెట్ గానీ పాసవ్వాలి. 2023 జూలై నుంచి పీహెచ్‌డీ లేకపోయినా అప్లై చేయొచ్చు. యూజీసీ స్కేల్‌లో మొదటి బేసిక్ 57,700 రూపాయలు. ఇంకోటి, 2021లో సీఏ, సీఎస్, ఐసీడబ్ల్యూఏలను పీజీతో సమానంగా చూడొచ్చని యూజీసీ చెప్పింది. కానీ సీఏ పాసైనవాళ్లు కొండెక్కి క్లాసులు చెప్తారని నాకైతే ఆశ లేదు. బయట వాళ్లకొచ్చే డబ్బు వేరు కదా!

కింద నుంచి వచ్చినవాళ్లకి రెండో ఏడాదికే ట్రాన్స్‌ఫర్ మీద కన్ను. వాళ్లని తిట్టి లాభం లేదు, విశాఖ నుంచి 110 కిలోమీటర్ల పైనే, అందులో సగం ఘాట్ రోడ్డు. ఖాళీ అయిన చోట గెస్ట్ ఫ్యాకల్టీని పెడతారు. క్లాసుకింత అని లెక్క. క్లాసు లేని నెల ఇంటి అద్దె ఎవరు కట్టాలి?

అసలు కష్టం భాషది. ఇంట్లో ఆదివాసీ ఒరియానో, కువినో. స్కూల్లో తెలుగు. 2021-22 నుంచి డిగ్రీ మొత్తం ఇంగ్లీష్ మీడియం. ఇప్పుడు 'డెటర్' అని బోర్డు మీద రాస్తే ఎవరికి ఎక్కుతుంది? అదే ఊరి టీచరైతే, "మీ నాన్న జీసీసీకి కాఫీ గింజలు ఇచ్చేశాడు, డబ్బు ఇంకా రాలేదు. ఇప్పుడు జీసీసీ మీ నాన్న పుస్తకంలో డెటర్" అంటాడు. అయిపోయింది, ఇక మర్చిపోరు.

మరి ఊరివాళ్లనే తీసుకోవచ్చు కదా అంటారా? స్కూల్ టీచర్ పోస్టులకి అలాంటి జీవో ఉండేది. 2000 నాటి జీవో నంబర్ 3, ఏజెన్సీలో నూరు శాతం స్థానిక గిరిజనులకే. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. తీర్పు సంగతి ఎలా ఉన్నా, కాలేజీ దగ్గర చిక్కు ఇంకా ముందే ఉంది. ఎంకామ్‌తో పాటు నెట్ కూడా ఉన్న గిరిజన పిల్లలు ఎంతమంది తయారవుతున్నారు? నన్నడిగితే, నోటిఫికేషన్ కన్నా ముందు ఎంకామ్‌కి విశాఖ దిగే పిల్లలకి హాస్టల్, నెట్ కోచింగ్ ఇవ్వాలి.

మీ వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. నెట్‌కి ఎంకామ్ ఫైనలియర్‌లోనే అప్లై చేయొచ్చు. కామర్స్ కోడ్ 08. పేపర్ 1లో 50, పేపర్ 2లో 100 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కుల్లేవు. జేఆర్‌ఎఫ్‌కి వయసు పరిమితి ఉంది గానీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకి లేదు. పెళ్లయి చదువు ఆపేసిన అక్కలకి కూడా ఈ లింక్ పంపండి. ఏపీసెట్ అయితే ఆంధ్రా యూనివర్సిటీ పెడుతుంది, అదీ వదలొద్దు. పాత పేపర్లు ముందేసుకుని పేపర్ 1తో మొదలుపెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో దాన్నే విప్పుదాం.