ముదురు వేసవిలో పాత కారు

రోహిణీకార్తె ఎండలో పల్నాటి దారిపై బానెట్టు పైకెత్తి నిలిచిపోయిన అంబాసిడరును చూచినప్పుడు "పాపము, ఎండకు ఉడికిపోయినది" అని మనము జాలిపడుదుము. జాలి తగినదే గాని నేరమును ఎండ మీద మోపుట తగదు. బయట గాలి 45 డిగ్రీలున్నను ఇంజనులోని నీరు 80, 90 డిగ్రీలలో నుండును. ఆ వేడిని గాలికి అప్పగించుటకు కావలసినంత తేడా అప్పటికిని మిగిలియే యున్నది. శీతకాలమున దాగియున్న లోపమును ఎండ బయట పెట్టును, అంతే.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయినది. అయినను తండ్రినాటి బండిని విడువలేక కాపాడుకొను ఇండ్లు నేటికిని కలవు. అట్టివారు గుంటూరు నుండి మాచెర్ల, ఎర్రగొండపాలెము, దోర్నాల మీదుగా శ్రీశైలము పోదలచినారనుకొందము. బండిలో ముసలివారు, పసిపిల్లలు ఉందురు. రెంటచింతల ప్రాంతమున మే నెల మధ్యాహ్నము నీడ లేని చోట బండి ఆగుట వట్టి చికాకు కాదు, వడదెబ్బకు దారి.

మొదట నీటి సంగతి. పిడుగురాళ్ళ సున్నపుబట్టీలకు పేరు పొందినది. ఆ నేలలోని సున్నము బోరునీటిలోనికిని దిగును. మన ఇంట నీళ్ళు కాచు గిన్నెకు అడుగున పట్టు తెల్లని పెచ్చు వంటిదే ఇంజను లోపలను, రేడియేటరు సన్నని గొట్టములలోను పట్టును. పెచ్చు వేడిని దాటనీయదు. కావున ప్రయాణమునకు వారము ముందే రేడియేటరును కడిగించి, కూలెంటును స్వేదనజలముతో సగపాళ్ళుగా కలిపి నింపవలెను. ఇది తుప్పును ఆపును, మరుగు వేడిమిని కొంత పెంచును. కూలెంటు తియ్యగా నుండు విషము. పారబోసినచో కుక్కలు, పశువులు నాకును, పిల్లలకు అందనీయరాదు.

పిదప రేడియేటరు మూత. దీనిని ఎవరును లెక్కచేయరు. మూత లోపల ఒత్తిడిని నిలుపును. చదరపు అంగుళమునకు ఒక పౌను ఒత్తిడి పెరిగినచో మరుగు వేడిమి సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగును. మూతలోని రబ్బరు ఎండి పగిలినదా, ఆ లాభమంతయు పోయి నీరు ముందే మరిగి కారిపోవును. ఇంత చవకగా దొరకు రక్షణ బండిలో మరియొకటి లేదనియే మా అభిప్రాయము.

థెర్మోస్టాటును వంటింటిలోనే పరీక్షింపవచ్చును. గిన్నెడు నీటిలో దారముతో వ్రేలాడదీసి కాచుడు. నీరు మరుగులోపల అది తెరచుకొనవలెను, తెరచుకొననిచో మార్పించుడు. కొందరు మెకానికులు దానిని ఊడదీసి పారవేయుదురు. మూసికొని పట్టుకొన్న థెర్మోస్టాటు విషయమున అది ఆ పూటకు గడచును గాని, పూడిన రేడియేటరును బాగుచేయదు. ఫాను బెల్టును రెండు చక్రముల నడుమ బొటనవ్రేలితో నొక్కినచో అర అంగుళము మించి ఎక్కువగా కుంగరాదు. మెత్తబడి ఉబ్బిన రబ్బరు గొట్టములను మార్చుటకు దారిలో పగులువరకు వేచియుండరాదు.

సాయంకాలము చల్లబడిన పిదప బయలుదేరుదమా అన్నచో, శ్రీశైలము అడవిదారిలో రాత్రివేళ వాహనములను పోనీయరు. వేకువ 4 గంటలకు గుంటూరు విడిచినచో ఎండ ముదురక మునుపే దోర్నాల చేరవచ్చును. ఘాటులో బండి వేగము తగ్గును, ఎదురుగాలియు తగ్గును. అంబాసిడరు ఫాను ఇంజనుతోపాటే తిరుగును గనుక పై గేరులో మూలుగుచు ఎక్కించుటకంటె, క్రింది గేరులో ఇంజనును చురుకుగా తిరుగనిచ్చుట మేలు. బండిలో ఏర్‌కండిషను పెట్టించినచో అక్కడ ఆపివేయుడు.

ఇంజను వేడెక్కకయే తుమ్మి ఆగిపోయినచో, పెట్రోలు పంపు వద్దనే ఆవిరి అగుచుండవచ్చును. పంపుపై తడిగుడ్డ చుట్టి కొంతసేపు ఆగినచో చాలు.

ఆవిరి చిమ్మినచో మాత్రము వెంటనే నీడకు చేర్చి ఇంజను ఆపవలెను. ముందు ముసలివారిని, పిల్లలను దింపి నీరు త్రాగింపుడు. మూత ముట్టరాదు. ఒత్తిడిలోనున్న నీరు మూత కదలిన క్షణమున ముఖము మీదికి లేచును; ఆ కాలుడు చూపునే పోగొట్టగలదు. ముప్పావుగంట గడచి, పై గొట్టము చేతికి చల్లబడిన పిమ్మట, మందపు గుడ్డ వేసి ముఖము ప్రక్కకు త్రిప్పి, మూతను మొదటి మెట్టువరకే త్రిప్పి ఆగవలెను. బుస ఆగినపుడే పూర్తిగా తీయవలెను. నీటిని కొద్దికొద్దిగా పోయుడు. కాగిన ఇనుముపై చన్నీరు కుమ్మరించినచో ఇంజను దిమ్మ పగులవచ్చును.

ఎక్కడను కారుట కనబడక నీరు మరల తగ్గుచున్నను, నూనె కడ్డిపై పాలు కలిపిన తేనీటి రంగు కనబడినను, హెడ్ గాస్కెట్టు పోయినదని అనుమానింపవలెను. అప్పుడు దేవుని దర్శనమునకు బస్సులో పోవుడు. బండిని సమీపపు పట్టణమునకు లాగించుడు.