సముద్రపు గాలి కరెంటు మనమే అడగాలి



సముద్రంలో గాలిమరలు పెడితే రైతుసంఘానికేం పని అని కొందరు అడుగుతున్నారు. అనంతపురం వైపు మా మెట్టచేలల్లోకి వచ్చి చూడండి. మర నిలబడే చోటు కొంచెమే. దాని రెక్కలు మోసుకొచ్చే బండికి వేసిన దారి మాత్రం చేనును రెండు ముక్కలు చేసింది. గట్లు తెగాయి, వాననీటి వాలు మారింది. కౌలుదారుకు పైసా రాలేదు.

సముద్రం మీద గాలికి చెట్టూ కొండా అడ్డు లేవు. పొద్దు గూకితే సోలార్ ఆగుతుంది గానీ గాలి ఆగదు.

2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్ల పథకానికి ఆమోదం తెలిపింది. గుజరాత్, తమిళనాడు తీరాల్లో 500 మెగావాట్ల చొప్పున పెట్టడానికి అది. మన తీరం అందులో లేదు. నేలమీది మర కన్నా ఖర్చు చాలా ఎక్కువ, నిజమే. ఆ భారం మన కరెంటు బిల్లుల మీదికి రాకూడదు.

డెన్మార్క్‌లో కోపెన్‌హేగన్ ఎదుట సముద్రంలో 2000లో 20 మరలు నిలబెట్టారు. సగం వాటా సహకార సంఘానిది. ఎనిమిది వేల మందికి పైగా జనం వాటాలు కొన్నారు. మన పాల సొసైటీ లాంటిదే అనుకోండి.

మరి వేటకెళ్లేవాళ్ల సంగతి? మమ్మల్ని అడక్కుండా మా చేలల్లో చేసిన పనే వాళ్ల నీళ్లలో చేయమని ఏ మొహంతో అడుగుతాం? బోట్ల దారులు, వలలు వేసే చోట్లు వాళ్లే గీసి చూపించాలి. వాటాలో వాళ్ల పేరే ముందుండాలి. తీర్మానం రాసేముందు మత్స్యకార సంఘాల వాళ్లను పిలిచి కూర్చుందాం. వచ్చే నెల కమిటీలోనే.