బుడమేరు నేర్పిన పాఠం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)

వరద గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను వక్తను కాను. విజయవాడ సింగ్‌నగర్‌లో కింది వాటాలో ఉన్నవాణ్ణి. అదే నా అర్హత.

2024 ఆగస్టు 31న రోజంతా కుండపోత. వాయుగుండం ఆ అర్ధరాత్రి దాటాక కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ఇక తెరిపి ఇస్తుందనుకున్నాం. సెప్టెంబరు 1, ఆదివారం, మా గుమ్మంలోకి నీళ్లు వచ్చాయి. అవి ఒట్టి వాననీళ్లు కావు. బుడమేరు ఎడమ గట్టుకు ఎగువన మూడు గండ్లు పడ్డాయి. మామూలుగా వెలగలేరు దగ్గర నుంచి ఆ వరదను డైవర్షన్ కాలువలో కృష్ణకు మళ్లిస్తారు. ఆ రోజు కృష్ణే పొంగుతోంది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల 43 వేల క్యూసెక్కులు దాటింది. అంత వరద అక్కడ అంతకు ముందెన్నడూ నమోదు కాలేదు.

పై వాటా కుర్రవాడు పొద్దున్నే వచ్చి, "బాబాయిగారూ, పిన్నిగారిని తీసుకుని పైకి వచ్చేయండి" అన్నాడు. "2005 వరద చూసినవాణ్ణి, సాయంత్రానికి తీస్తుందిలే" అన్నాను. మధ్యాహ్నానికి నీళ్లు నడుం దాటాయి. చివరకు అతనే మా ఆవిణ్ణి ఎత్తుకుని మెట్లెక్కించాడు. మళ్లీ దిగి, ఫ్రిజ్‌లోని ఇన్సులిన్ సీసా తెచ్చాడు. కరెంటు లేదు. మట్టికుండలో నీళ్లు పోసి, సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి అందులో ఉంచాం.

హెలికాప్టర్ల నుంచి, డ్రోన్ల నుంచి ఆహార పొట్లాలు వచ్చాయి. పాలు, మంచినీళ్లు పడవల్లో వచ్చాయి. బ్యాంకులో పెన్షను ఉండీ చేతిలో రూపాయి లేదు. ఒకరి వంటింట్లో రోజుల తరబడి కూర్చుని తినడం నాకు ముళ్లమీద ఉన్నట్లుండేది. అందుకే అయిదో రోజున ఇన్సులిన్ అయిపోవచ్చిందని తెలిసీ నోరు విప్పలేదు. మా ఆవిడకు చెప్పకుండా మోతాదు తగ్గించి ఇచ్చాను. సోదరులారా, ఆ తప్పు ఈనాడు మీ ముందు ఒప్పుకుంటున్నాను. మర్నాటికి ఆవిడ మగతగా పడిపోయింది. కుర్రవాడికి సంగతి తెలిసి, డాబా ఎక్కి కేకలు వేసి పడవ పిలిచాడు. ఆ పడవలోనే ఆస్పత్రికి చేర్చాం. దేవుడి దయవల్ల బతికింది.

ఇంతలో మరో అల్పపీడనం వచ్చి మళ్లీ వానలు. సైనికుల సాయంతో 7వ తేదీన మూడో గండి పూడ్చారు. మా వీధిలో నీళ్లు పూర్తిగా తీసేసరికి పదకొండో రోజు. ఇంట్లో మోకాలిలోతు బురద. ముప్ఫై మూడేళ్ల సర్వీసు కాగితాలు, పి.పి.ఓ.తో సహా ముద్దయిపోయాయి.

నేను మనవి చేసేది మూడు సంగతులు. పి.పి.ఓ. నకలు ఒకటి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గర ఉంచండి. వానాకాలంలో పదిహేను రోజుల మందులు చేతిలో ఉంచుకోండి. కింది వాటాల్లో ఒంటరిగా ఉన్న సభ్యుల జాబితా మన సంఘం తయారుచేయాలి.

నాలుగోది నాలాంటివారికి. పిలిస్తే పైకి వెళ్లండి. అవసరమైతే నోరు తెరిచి అడగండి. జీవితమంతా నలుగురికీ పనులు చేసిపెట్టినవాళ్లం, ఒకనాడు మనకు చేయించుకుంటే చిన్నతనం కాదు.