పాత తుపాకీ నేర్పే రసాయన శాస్త్రం



ఈనాటి ప్రసంగాన్ని ఒక ఉత్తరంతో మొదలుపెడతాను. మా భిలాయి ఉక్కు పట్టణంలో నా దగ్గర చదువుకున్న ఒక తెలుగు కుర్రాడు ఇప్పుడు పోలండ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. తోటి విద్యార్థులు ఒక ఆదివారం అతణ్ణి పాతకాలపు తుపాకులు కాల్చే క్లబ్బుకు తీసుకెళ్ళారట. అక్కడ చేతికిచ్చింది 1858 మోడల్ అని పేరుపడ్డ అమెరికన్ రెమింగ్టన్ రివాల్వర్‌కు ఈ కాలంలో తయారైన నకలు. "మాస్టారూ, ఒక్కసారి నొక్కేసరికి తెల్లటి పొగ కమ్మేసి ఎదురుగా ఉన్న గురి కనబడలేదు. ఆరు గుండ్లు నింపడానికి పావుగంట, కాల్చడానికి ఒక నిమిషం, తరవాత కడిగి తుడవడానికి గంట పట్టింది. పైగా వేడి నీళ్ళతో కడగమంటున్నారు. ఇనుము కదా, తుప్పు పట్టదా?" అని రాశాడు.

ఉక్కు పట్టణంలో పెరిగినవాడు అడగవలసిన ప్రశ్నే. దీనికి జవాబు వెతుకుతూ పోతే, మీ చరిత్ర పుస్తకంలోని ఒక పెద్ద సంఘటన కూడా కొత్తగా అర్థమవుతుంది.

ముందు పేరు సంగతి చూద్దాం. ఇంగ్లీషులో దీన్ని బ్లాక్ పౌడర్ అంటారు. మాటకు మాట తెలుగు చేసి 'నల్లమందు' అన్నారో, మన పెద్దవాళ్ళు నవ్వుతారు. తెలుగులో నల్లమందంటే అభిని. కాబట్టి పాతవాళ్ళు అన్నట్టే తుపాకిమందు అందాం.

తుపాకిమందులో ఉండేవి మూడు పదార్థాలు: సురేకారం, గంధకం, బొగ్గు. సురేకారం అంటే మీరు ప్రయోగశాలలో చూసే పొటాషియం నైట్రేటు. మందులో నాలుగింట మూడు వంతులు అదే. బొగ్గు మండాలంటే ఆక్సిజన్ కావాలి. పొయ్యిలోని బొగ్గు దాన్ని గాలిలోంచి తీసుకుంటుంది. తుపాకీ గొట్టంలో, గుండు వెనక ఇరుక్కున్న బొగ్గుకు గాలి ఎక్కడిది? ఆ ఆక్సిజన్‌ను సురేకారం తనలో దాచిపెట్టుకొని వస్తుంది. ఇక గంధకం తక్కువ వేడికే అంటుకొని మిగతా రెంటినీ అంటిస్తుంది. తుపాకిమందులో మిత్రుడైన ఈ గంధకమే మా భిలాయిలో శత్రువు. ఉక్కులో గంధకం మిగిలితే, ఎర్రగా కాలినప్పుడు ఆ ఉక్కు పగుళ్ళిస్తుంది. అందుకే బ్లాస్ట్ ఫర్నేస్‌లో సున్నపురాయి వేసి గంధకాన్ని చిట్టెంలోకి లాగేస్తారు. ఈ చిట్టెం మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

తుపాకిమందు పూర్తిగా కాలితే అంతా వాయువుగా మారిపోతుందని చాలామంది అనుకుంటారు. 1870లలో నోబుల్, ఏబెల్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గట్టి ఉక్కు పాత్రల్లో మందును మూసిపెట్టి కాల్చి, మిగిలినదాన్ని తూచారు. బరువులో సుమారు 57 శాతం వాయువు కాని పదార్థమే! గుండును తోసే పని చేసేది మిగతా 43 శాతం. ఆ 57 శాతంలో కొంత సన్నటి ధూళిగా గాల్లోకి వెళుతుంది. మన కుర్రాడికి గురి కనబడకుండా చేసిన తెల్లపొగ అదే. మిగిలింది గొట్టం లోపలి గోడకు మసిలా అంటుకుంటుంది. అందులో ఉండేవి పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు వంటి లవణాలు. ఒక్కొక్క గుండు కాల్చినకొద్దీ ఆ పొర మందమవుతూ, ఎండి గట్టిపడుతూ ఉంటుంది.

ఇప్పుడు 1857కు వెళదాం. ఎన్‌ఫీల్డ్ తుపాకీ తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న వార్త సిపాయిలలో కలవరం రేపిందని మీరంతా చదివారు. అసలు తూటాకు కొవ్వెందుకు పూయాలో మాత్రం చరిత్ర పుస్తకాలు సాధారణంగా చెప్పవు. నా బడిరోజుల్లో ఈ ప్రశ్న అడిగితే, "పరీక్షలో రాదు, కూర్చో" అన్నారు.

అంతకుముందు సిపాయిల చేతుల్లో ఉన్న మస్కెట్ల గొట్టం లోపల నునుపుగా ఉండేది. గుండు అందులో వదులుగా జారేది కనుక కాస్త మసి పట్టినా ఇబ్బంది లేదు. వదులుగా ఉండడం వల్ల గురి మాత్రం సరిగ్గా కుదిరేది కాదు. 1853 మోడల్ ఎన్‌ఫీల్డ్ గొట్టంలో మెలితిరిగిన మూడు గాడులుంటాయి. గొట్టం వ్యాసం 0.577 అంగుళాలు, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు. మందు పేలగానే సీసపు గుండు అడుగు భాగం విచ్చుకొని ఆ గాడులను పట్టుకుంటుంది, గిరగిరా తిరుగుతూ సూటిగా పోతుంది. అయితే గొట్టానికీ గుండుకూ మధ్య సందు చాలా తక్కువ. మసి గట్టిపడిందంటే గుండు లోపలికి దిగదు. యుద్ధం మధ్యలో గుండు దిగకపోతే సిపాయి ఏం చేయాలి? అందుకని తూటా కాగితానికి గుండు ఉన్నవైపు కొవ్వు పూసేవారు. అది మసిని మెత్తబరుస్తుంది. సిపాయి కాగితాన్ని రెండో వైపు పళ్ళతో చించి, సుమారు నాలుగున్నర గ్రాముల మందును గొట్టంలో పోసి, గుండును కాగితంతో సహా దించి గజంతో కూరాలి. ఆ పళ్ళతో చించడం దగ్గరే వచ్చింది తంటా. తేనెమైనం, నూనె కలిపి పూసినా పని జరిగేది. ఎవరి నోటికి ఏది తగలకూడదో ముందే అడిగి తెలుసుకోకపోవడం కంపెనీ అధికారుల తప్పు. కొవ్వు అవసరమైంది మాత్రం ఆ 57 శాతం వల్ల.

పోలండ్ క్లబ్బులో కూడా గుండుకు కొవ్వు పూస్తారు. మన కుర్రాడు డబ్బా మూత తీసి అడిగితే, గొర్రె కొవ్వు, తేనెమైనం అన్నారట. రివాల్వర్‌లో దీనికి మరో పని కూడా ఉంది. ఒక గదిలో మందు పేలినప్పుడు ఆ మంట పక్కగదుల్లోకి పాకకుండా, గుండు మీద పూసిన మెత్తటి కొవ్వు అడ్డుపడుతుంది.

అక్కడ కొత్తవాడికి మొదటి రోజంతా నేర్పేది వరుస. ముందు మందు, దాని మీద గుండు, గుండు మీద కొవ్వు, అన్నిటికన్నా చివర వెనకవైపు టోపీ. టోపీ అంటే సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న రాగి మూత. చెకుముకి రాయి తుపాకులను వెనక్కి నెట్టింది ఇదే. డబ్బాలోంచి మందును సరాసరి తుపాకీలో పోయనివ్వరు, ముందు చిన్న కొలతపాత్రలోకి తీసుకోవాలి. లోపల కనబడని నిప్పురవ్వ మిగిలి ఉంటే, పోసేవాడి చేతిలో పేలేది కొలతపాత్రలోని కాస్త మందే, డబ్బా నిండా ఉన్నది కాదు. గుండు మందును తాకేదాకా దిగాలి. మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూ వచ్చు. నొక్కినా పేలకపోతే తుపాకీని గురివైపే పట్టుకొని ఆగాలి. లోపల మందు నెమ్మదిగా రాజుకుంటూ ఉండవచ్చు. మన కుర్రాడికి మొదటి రోజే అలా జరిగింది. ఆ కాస్సేపు తన గుండె చప్పుడు తనకే వినబడిందని రాశాడు.

పోలండ్‌లో 1999 నాటి ఆయుధాల చట్టం ఒక వెసులుబాటు ఇచ్చింది. 1885కు ముందు తయారైన, మందూ గుండూ విడివిడిగా నింపే తుపాకులకు, వాటి నకళ్ళకు అనుమతిపత్రం అక్కర్లేదు. మందు కొనాలంటే మాత్రం యూరోపియన్ ఫైర్‌ఆర్మ్స్ పాస్ అనే పత్రం చూపాలి, కాల్చడం రేంజిలోనే జరగాలి. 1885 అన్న ఆ గీత పక్కనే రసాయన శాస్త్రంలో మరో తేదీ ఉంది. 1884లో ఫ్రాన్సులో పాల్ వియెల్ పొగలేని మందును తయారుచేశాడు. అది దాదాపు పూర్తిగా వాయువైపోతుంది, పీడనమూ చాలా ఎక్కువ. దాన్ని పాత తుపాకీలో పోస్తే గొట్టం తట్టుకోలేదు.

మన దేశంలో ఈ వెసులుబాటు లేదు. మా ఛత్తీస్‌గఢ్‌లోనే బస్తర్ వైపు ఇలా నోటివైపు నుంచి నింపే తుపాకులను భర్మార్ అంటారు, తెలుగు పత్రికలు నాటు తుపాకీ అని రాస్తాయి. 1959 ఆయుధాల చట్టం కింద దానికీ లైసెన్సు ఉండాలి. మందు తయారీ, నిల్వ 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం కిందికి వస్తాయి.

చట్టం మాట పక్కన పెట్టి ఒక సొంత సంగతి చెబుతాను. చిన్నప్పుడు దీపావళి సెలవులకు భిలాయి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరికి వెళ్ళేవాళ్ళం. మతాబులు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కట్టే రోజులవి. ఒక ఏడాది మా పెద్దనాన్నగారి అబ్బాయి, అప్పుడు పదో తరగతి, పెద్దవాళ్ళకు తెలియకుండా పెరట్లో ఇనపరోలు పెట్టుకొని మందు నూరాడు. ఇనుము మీద ఇనుము తగిలి రవ్వ లేచింది. ప్రాణం దక్కింది కానీ కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి. ఆ ఏడు పరీక్ష రాయలేదు, మరుసటి ఏడు ఎడంచేత్తో రాశాడు. అంగడి నుంచి గంధకం పొట్లం తెచ్చి ఇచ్చింది నేనే. పొడి పొడిగా ఉన్న మందుకు రాపిడి చాలు, దుస్తుల్లో పుట్టే విద్యుత్తు చాలు. ఆ పదార్థాల పాళ్ళు నేను ఈ ప్రసంగంలో పూర్తిగా చెప్పలేదని మీలో కొందరు గమనించే ఉంటారు. కావాలనే చెప్పలేదు.

ఇక వేడి నీళ్ళ ప్రశ్న. పోపు నూనెలో చిటికెడు ఉప్పు వేసి చూడండి, అడుగున అలాగే ఉండిపోతుంది. నీళ్ళలో వేస్తే కరుగుతుంది. గొట్టంలోని మసిలో ఎక్కువ భాగం లవణాలే, వాటిలో కొన్ని గాలిలోని తేమను లాగుతాయి. తుడవకుండా ఒక రాత్రి వదిలేస్తే, తెల్లారేసరికి గొట్టం లోపల తుప్పు మొదలవుతుంది. నూనె పూస్తే లవణం నూనె కింద భద్రంగా ఉండి తన పని తాను చేసుకుపోతుంది. కాబట్టి ముందు నీళ్ళతో లవణాన్ని కరిగించి బయటికి పంపాలి. నీళ్ళు వేడిగా ఉంటే త్వరగా కరుగుతుంది, వేడెక్కిన లోహం మీద తడి కూడా త్వరగా ఆరుతుంది. ఆరాకనే నూనె.

ఇదంతా రాసి పంపాను. ఆరు నెలల తరవాత జవాబు వచ్చింది. ఈలోగా అతను సొంతంగా ఒక నకలు రివాల్వర్ కొనుక్కున్నాడు. "మాస్టారూ, స్నానాలగదిలో కూర్చుని వేడి నీళ్ళు పోశాను. నల్లటి నీళ్ళు వచ్చాయి. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసింది. ఒక్కసారిగా మన భిలాయి గుర్తొచ్చింది, ఎందుకంటారు?" అని అడిగాడు.

బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర ఎర్రటి చిట్టెం మీద నీళ్ళు పడ్డప్పుడు వచ్చే వాసన అది. చిట్టెంలోని కాల్షియం సల్ఫైడు, గొట్టంలోని పొటాషియం సల్ఫైడు, రెండూ నీటితో కలిసి ఇచ్చే వాయువు ఒకటే: హైడ్రోజన్ సల్ఫైడు. కిటికీ తెరిచి కడుక్కోమని రాశాను.