ఆడని సినిమాలు, మరవని సినిమాలు



భోజనాలయి, గిన్నెలు బోర్లించి, కాస్త నడుం వాల్చే వేళ ఇది. ఈ వేళప్పుడు సినిమా కబుర్లేమిటి అనుకోకండి. మన ఆడవాళ్ళు నలుగురు చేరితే రానిదెప్పుడు చెప్పండి, సినిమా మాట!

మొన్న మా మేడమీద వడియాలు పెట్టి, కాకులను తోలుకుంటూ కూర్చున్నాము. నేనే ఒక ప్రశ్న వేశాను. “లోకమంతా మెచ్చినవి వదిలెయ్యండి. ఎవరికీ పట్టకపోయినా, మీకు మాత్రం ప్రాణంలాంటి సినిమా ఏది?” అని. ‘మాయాబజార్’, ‘మిస్సమ్మ’ అనడానికి వీల్లేదని షరతు కూడా పెట్టాను. ఇంక చూడండి! వడియాల సంగతి మరచిపోయి ఒకరి మీద ఒకరు పోటీపడ్డారు.

బడిపంతులమ్మగా పనిచేసి రిటైరయిన ఒకావిడ ‘బంగారు పాప’ అన్నారు. 1955లో బి.ఎన్. రెడ్డిగారు తీశారు. కథకు మూలం జార్జ్ ఇలియట్ రాసిన ‘సైలస్ మార్నర్’ అనే ఇంగ్లీషు నవల. జార్జ్ అన్నంత మాత్రాన మగవాడనుకునేరు, మగపేరు పెట్టుకుని రాసిన స్త్రీ ఆవిడ. దాన్ని మన నేలకు తగ్గట్టు మలచినవారు పాలగుమ్మి పద్మరాజుగారు. లోకం మీద కసి పెంచుకున్న మొరటువాడు కోటయ్య. అతని చేతికి దిక్కులేని పసిపాప దొరుకుతుంది. ఆ బిడ్డను సాకుతూ సాకుతూ అతనే మనిషవుతాడు. “ఎస్.వి. రంగారావు అంటే మీకందరికీ ఘటోత్కచుడే గుర్తు. ఆ చేతులతోనే చంటిపిల్లను ఎత్తుకోవడం చూడండి, తెలుస్తుంది” అన్నారావిడ. ఆ సినిమాకు ప్రభుత్వ పురస్కారం వచ్చింది కాని, పెట్టినవారికి డబ్బు మాత్రం రాలేదు.

మా కింది వాటా ఆవిడ వెంటనే ‘బాటసారి’ అంది. 1961 నాటిది, శరత్‌బాబు ‘బడదీది’ కథ. భానుమతిగారు చిన్నవయసులోనే భర్త పోయిన మాధవి. నాగేశ్వరరావుగారు తన ఆకలి కూడా తనకు తెలియని సురేంద్రుడు. ఎవరు వేళకు అన్నం పెట్టిస్తున్నారో, ఎవరు తన అవసరాలు కనిపెడుతున్నారో కూడా అతనికి తెలియదు. “అదేం సినిమా తల్లీ, హీరో నోరే విప్పడు!” అని ఒకావిడ. “నోరు విప్పకుండా అంత చెప్పినవాడు ఇంకెవరున్నారు?” అని ఈవిడ. ఇద్దరికీ రాజీ కుదర్చలేక నా తలప్రాణం తోకకొచ్చింది. ఆ సినిమా కూడా ఆడలేదు. కాని అరవై ఏళ్ళు దాటిన తరవాత మా మేడమీద దానికోసం ఇద్దరు పోట్లాడుకున్నారంటే, అది బతికి ఉన్నట్టా, పోయినట్టా? మీరే చెప్పండి.

బ్యాంకులో పనిచేసే ఎదురింటి కోడలు మాత్రం, “రోజంతా చాకిరీ చేసి వచ్చి, మళ్ళీ ఏడుపు సినిమా ఎవరు చూస్తారండీ? నాకు నవ్వించే సినిమా కావాలి” అంది. ఆ మాటా నిజమే. కాదనడానికి నాకు నోరు రాలేదు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ పక్కవాటా పిన్నిగారు మాట్లాడలేదు. ఎనభై దాటిన మనిషి. పిండి చేతులతో అలాగే కూర్చుని, చివరికి నెమ్మదిగా, “నాకు ‘చివరకు మిగిలేది’ అమ్మా” అన్నారు.

నేను నవ్వేశాను. “అదెవరు చూశారు పిన్నిగారూ! సావిత్రి సినిమాల్లో ఆడనిది అదేగా!” అన్నాను. సినిమాల గురించి నాకేదో తెలుసునన్న గర్వం, చూడండి. నిజానికి నేను దాన్ని చూడనే లేదు. ఆడలేదని మాత్రం విని ఉన్నాను. పిన్నిగారు మరి మాట్లాడలేదు, కాకిని అదిలించి ఊరుకున్నారు.

ఆ రాత్రి నాకు మనసు ఊరుకోలేదు. మర్నాడు ఆవిడను మా ఇంటికి పిలిచి, ఇద్దరం కూర్చుని ఆ సినిమా చూశాము.

1960లో వచ్చింది. గుత్తా రామినీడుగారి దర్శకత్వం. అంతకు ఏడాది ముందు బెంగాలీలో సుచిత్రా సేన్ నటించిన సినిమాయే దీనికి ఆధారం. అదే కథను 1969లో ‘ఖామోషీ’గా హిందీలో తీస్తే వహీదా రెహమాన్ ఆ పాత్ర వేసింది. తెలుగులో సావిత్రి. స్వయంగా వైద్యం చదివిన ప్రభాకరరెడ్డిగారు మొట్టమొదట తెరమీద కనిపించింది కూడా ఇందులోనే.

కథ రెండు ముక్కల్లో చెబుతాను. సావిత్రి పిచ్చాసుపత్రిలో నర్సు. ప్రేమ విఫలమై మతి చెడినవాడికి ప్రేమ నటించి నయం చెయ్యమని ఆమెకు అప్పగిస్తారు. నయమవుతుంది. అతను తన దారిన వెళ్ళిపోతాడు. ఆమె మనసు మాత్రం నటించలేదు, నిజంగానే ఇచ్చేసింది. ఆ గాయం మానకముందే మరో రోగిని అప్పగిస్తారు. అతనికీ నయమవుతుంది. చివరికి ఎవరి మతి పోయిందో, ఎవరు రోగిగా మిగిలారో మీరు ఊహించగలరు.

సినిమా అయిపోయింది. పిన్నిగారు కళ్ళు తుడుచుకోలేదు. “ఆ పిల్లను ‘నీకెలా ఉందమ్మా’ అని ఒక్కరైనా సరిగా అడిగారా?” అన్నారు. అంతే.

అప్పుడు చెప్పుకొచ్చారు. పెళ్ళయిన కొత్తలో ఎవరో బంధువులతో మాటినీకి వెళ్ళి చూశారట. ఇంటికొచ్చి బాగుందంటే, “ఏడుపుగొట్టు సినిమా, అది ఎత్తేస్తారు” అని అందరూ నవ్వారట. ఎత్తేశారు కూడా. ఆ తరవాత మంచాన పడ్డ అత్తగారికి పదకొండేళ్ళు, భర్తకు నాలుగేళ్ళు ఈవిడే సేవ చేశారు. వచ్చినవాళ్ళందరూ మంచంలో ఉన్నవాళ్ళను పలకరించి వెళ్ళేవారు. “ఎంత ఓపికమ్మా నీకు” అని మెచ్చుకునేవారు. “ఆ మెప్పు విన్నప్పుడల్లా నాకు సావిత్రే గుర్తొచ్చేదమ్మా” అన్నారు.

పదిహేనేళ్ళుగా పక్క వాటాలో ఉంటున్నాను. నేను మాత్రం ఏనాడడిగాను? నేనూ ఆ ఓపికను మెచ్చుకున్నదాన్నే.

చెల్లెళ్ళారా, అప్పటినుంచి ఒకటి ఆలోచిస్తున్నాను. సినిమా ఆడిందీ లేనిదీ మొదటి రెండు వారాల్లో తేలిపోయేది. ఆ రెండు వారాల్లో టిక్కెట్టు కొన్నదెవరు? మగవారు, కుర్రకారు. ఆడది సినిమాకు వెళ్ళాలంటే ఇంట్లో ఒప్పుకోవాలి, తోడు దొరకాలి, పిల్లకు జ్వరం తగ్గాలి, చుట్టాలు ఊరికి కదలాలి. ఇవన్నీ కుదిరేసరికి హాల్లో బొమ్మ మారిపోయేది. మన మాట లెక్కలోకి వచ్చేలోపే లెక్క కట్టేసేవారు. ఒక్కొక్కప్పుడు మాత్రం నోటిమాట గెలిచేది. 1980లో ‘శంకరాభరణం’ విడుదలైనప్పుడు మొదట్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. చూసినవాళ్ళు చెప్పుకోబట్టే తరవాత జనం విరగబడ్డారు. అన్నిటికీ ఆ అదృష్టం పట్టదు.

నా చిన్నప్పుడు రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం వేసేవారు, మీకూ గుర్తుండే ఉంటుంది. మా అమ్మ కూరలు తరుగుతూ, చూడని సినిమాలెన్నో విన్నది. ఆవిడకు ఏది నచ్చిందో నేనెప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడానికి ఆవిడ లేదు.

అందుకే మీకొక్క మాట. మీ ఇంట్లో అత్తగారో, అమ్మో, అమ్మమ్మో ఉంటే ఈ వారంలో ఒకసారి అడగండి, ఎవరూ మెచ్చకపోయినా నీకు నచ్చిన సినిమా ఏదని. పేరు చెప్పగానే నాలాగా నవ్వకండి. ఎందుకు నచ్చిందని కూడా అడగండి. వీలైతే పక్కన కూర్చుని చూడండి. పాత సినిమాలు చాలావరకు ఇంట్లోనే చూసే వీలుంది కదా.

పిన్నిగారూ నేనూ వచ్చే బుధవారం ‘బంగారు పాప’ చూద్దామనుకుంటున్నాము. బ్యాంకు కోడలు కూడా వస్తానంది, ఆ మర్నాడు తనకు నచ్చిన నవ్వుల సినిమా మేము చూడాలన్న షరతు మీద. సరేనన్నాము. ఈసారి వడియాలు పాడవకుండా ముందే ఎత్తిపెట్టుకుంటాము.

సెలవు. నమస్కారం.