కాగితం ఎవరి చేతిలో ఉంది?



మన సరిహద్దు జిల్లాల నుంచి బొంబాయి వెళ్ళి స్థిరపడిన వారి ఇళ్ళల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఆ ఖోలీ మా తాతది, గల్లీలో అందరికీ తెలుసు" అంటారు. నిజమే కావచ్చు. కాని కార్యాలయంలోనో కోర్టులోనో ఆ మాట చెల్లాలంటే కాగితం కావాలి. కాగితం ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు. అది అసలైనదేనని తేలాలి. అలా తేలాలంటే ఇంతకాలం అది ఎవరి చేతిలో, ఎక్కడ ఉందో చెప్పగలగాలి. ఈనాటి ప్రసంగం ఆ విషయం గురించే.

ఫాక్‌లాండ్ రోడ్డు పేరు మీరు వినే ఉంటారు. 1848 నుంచి 1853 వరకు బొంబాయి గవర్నరుగా పనిచేసిన లార్డ్ ఫాక్‌లాండ్ పేరు అది. ఇప్పుడు ఆ రోడ్డు పేరు పఠ్ఠే బాపూరావ్ మార్గ్. దాని పక్కనే కామాఠీపురా. నిజాం రాజ్యం నుంచి వెళ్ళి, రాళ్ళు మోసి, మట్టి తవ్వి, బొంబాయి నగరాన్ని కట్టిన మన కూలీలను అక్కడ కామాఠీలు అన్నారు. ఆ పేటకు వారి పేరే నిలిచింది. లోకం ఆ పేటను గురించి వేరే సంగతులే చెప్పుకుంటుంది గాని, అక్కడి చాళ్ళలో తెలుగు కుటుంబాలు తరతరాలుగా కాపురం ఉంటున్నాయి.

ఆ చాళ్ళు బాగా పాతబడిపోయాయి. సుమారు 34 ఎకరాల కామాఠీపురాను తిరిగి కట్టించే పనికి మహారాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ మ్హాడా 2025లో టెండర్లు పిలిచింది. బొంబాయిలో ఇటువంటి పాత సెస్సు భవనాల విషయంలో 1996 జూన్ 13 అనే తేదీ ఒకటి ఉంది. ఆ తేదీ తరువాత కొత్తగా పుట్టించిన కిరాయి హక్కులను లెక్కలోకి తీసుకోరు. కాబట్టి అప్పటికే మనవాళ్ళు అక్కడ కిరాయిదారులని చూపే రసీదు ముక్క ఈనాడు ఇంటి కప్పుతో సమానం. బొంబాయిలో దానిని భాడే పావతీ అంటారు. కిరాయి పుచ్చుకున్న యజమాని రాతపూర్వకంగా రసీదు ఇచ్చి తీరాలని మహారాష్ట్ర కిరాయి నియంత్రణ చట్టం 31వ సెక్షను చెబుతోంది. రసీదు అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

పాత కాగితం నిజమైనదని ఎలా నమ్మాలి? సంతకం చేసిన యజమాని గతించి ఉంటాడు. రాసిన గుమాస్తా ఎక్కడున్నాడో తెలియదు. ఈ చిక్కు చట్టానికి తెలుసు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 90వ సెక్షను, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 92వ సెక్షను ఇందుకోసమే ఉన్నాయి. ముప్పయ్యేళ్ళు నిండిన పత్రం, ఉండవలసిన చోటు నుంచి, ఉండవలసిన వారి చేతి మీదుగా వస్తే, దాని మీది సంతకం, చేవ్రాత నిజమైనవేనని కోర్టు భావించవచ్చు. భావించి తీరాలని కాదు, భావించవచ్చు. అందులో రాసిన ప్రతి సంగతీ నిజమేనని కూడా కాదు. అయినా అది చిన్న మేలు కాదు. 1996 జూన్ నాటి రసీదుకు ముప్పయ్యేళ్ళు నిండేది 2026 జూన్‌లో.

ఇక్కడ కీలకమైన మాట "ఉండవలసిన చోటు". మన కుటుంబాలలో చిక్కు వచ్చేది అక్కడే. ఖోలీ బొంబాయిలో ఉంటుంది. రసీదు పుస్తకం ఊళ్ళో ట్రంకు పెట్టెలో ఉంటుంది. రేషన్ కార్డు తమ్ముడి దగ్గర, పగిడీ కాగితం ఎవరో ఏజెంటు దగ్గర. ఎవరు ఎప్పుడు తీసుకున్నారో రాసి పెట్టిన వారు లేరు. రేపు ఆ కాగితం మూడో మనిషి చేతి నుంచి బయటపడితే, అసలైనదైనా సరే, అనుమానం పుడుతుంది.

మన ప్రకాశం జిల్లా చందవరం సంగతి చూడండి. అక్కడి బౌద్ధ క్షేత్రం నుంచి దొంగలపాలైన సున్నపురాతి శిల్పం ఒకటి చేతులు మారి, 2005లో ఆస్ట్రేలియా జాతీయ కళాశాల కొనుగోలు చేసిన వస్తువులలో చేరింది. అది ఎంతో కాలం క్రితమే విదేశీయుల చేతికి వచ్చిందని అమ్మకపు కాగితాలు చెప్పాయి. కాని ఆ తరువాతి కాలంలో కూడా శిల్పం మన దేశంలోనే ఉన్నట్టు చూపే ఫోటో ఉండబట్టి ఆ కథ నిలవలేదు. 2016లో శిల్పం మన దేశానికి తిరిగి వచ్చింది. వస్తువు ఉన్నచోట ఉండగా తీసిన ఒక్క ఫోటో అంత పని చేసింది.

పోలీసులు పట్టుకున్న సొత్తుకూ ఇదే సూత్రం. మత్తుపదార్థం పట్టుబడిన ఒక రాజస్థాన్ కేసులో, సొత్తును భద్రపరిచిన మాల్‌ఖానా రిజిస్టరు కోర్టు ముందుకు రాలేదు. సరిపోల్చడానికి సీలు నమూనా పరీక్షశాలకు చేరలేదు. నిందితుణ్ణి విడుదల చేయడం సరైనదేనని 2005లో సుప్రీంకోర్టు తేల్చింది. మధ్యలో ఒక్క చేయి లెక్క తప్పినా గొలుసు తెగినట్టే. మీ ఇంట్లో సోదా జరిగితే, పట్టుకుపోయిన వస్తువుల జాబితా నకలు అడిగి తీసుకోండి. అది మీ హక్కు. కొత్త చట్టం ప్రకారం సోదాను వీడియో కూడా తీయాలి.

ఇక మనం చేయవలసిన పని చెబుతాను. ఒక వంద పేజీల నోటు పుస్తకం కొనండి. ఇంట్లో ఉన్న ప్రతి కాగితానికీ అందులో ఒక పేజీ ఇవ్వండి. అది ఏ కాగితం, ఏ తేదీది, ఎవరి పేరున ఉంది, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, ఇవన్నీ రాయండి. కాగితం బయటికి వెళితే తేదీ వేసి, తీసుకున్న వారి సంతకం పెట్టించండి. తిరిగి వచ్చినప్పుడు మళ్ళీ రాయండి. అసలు కాగితాన్ని ఏజెంటుకు ఇవ్వకండి, నకలు ఇవ్వండి. ఏ కార్యాలయమైనా అసలు అడిగితే, చూపించి వెనక్కి తెచ్చుకోండి. వదిలి రావలసి వస్తే ముద్ర వేసిన రసీదు పుచ్చుకోండి. చిరిగిన కాగితానికి టేపు అంటించకండి. వెలిసిన అక్షరాల మీద మళ్ళీ కలం పెట్టకండి. బాగుచేద్దామనే మంచి మనసుతో చేసినా, అది దిద్దుబాటుగానే కనబడుతుంది.

మరొక్క సంగతి. కిరాయిదారు చనిపోతే, చనిపోయేనాటికి ఆయనతో కలిసి ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబ సభ్యునికి కిరాయి హక్కు వస్తుంది. అలాంటివారు లేనప్పుడు వారసుల మాట వస్తుంది. అందువల్ల అక్కడ ఉంటున్న కోడలి పేరు, మనుమడి పేరు రేషన్ కార్డులో, కరెంటు బిల్లులో ఎక్కడ ఉందో ఇప్పుడే చూసుకోండి. మరణ ధ్రువపత్రం ఊళ్ళో తీసుకుంటే దాని నకలు బొంబాయికి పంపండి, పంపిన తేదీ పుస్తకంలో రాయండి.

మన పెద్దలు ఆ నగరాన్ని కట్టారు. ఎక్కడ ఏ రాయి ఎత్తారో వారు రాసి పెట్టుకోలేదు. రాసుకునే తీరిక వారికి లేదు. వారు మిగిల్చిన నాలుగు కాగితాలను జాగ్రత్త చేసే పని మనది. దసరాకో సంక్రాంతికో బొంబాయి నుంచి మీవాళ్ళు ఊరికి వచ్చినప్పుడు, అందరూ కూర్చుని ఆ పెట్టె తెరవండి. మొదటి పేజీ ఆ రోజే రాయండి.